కీబోర్డ్ వాయించడం వస్తుంది, నోట్స్ చదవడం రాదు.. ఎందుకు?

తిరుచానూరు నుంచి మళ్లీ మీ ముందుకు వచ్చేశా. బస్సులో, క్లాసులో, ఇంట్లో అందరూ నిద్రపోయాక సౌండ్ లేకుండా చదువుకునేవాళ్ల కోసం ఎప్పట్లాగే ఎపిసోడ్ మొత్తం ఇక్కడ రాసి పెడుతున్నా. వీడియోలో కీబోర్డ్ మీద చూపించినవాటిని ఇక్కడ మాటల్లో చెప్పాల్సి వచ్చింది. పక్కన ఒక పెన్సిల్, కాగితం పెట్టుకుని చదివితే ఇంకా బాగుంటుంది.

మొన్న దసరా సెలవులకి మా అక్క కూతురు వచ్చింది. 9 ఏళ్లు. ఫోన్‌లో పైనుంచి రంగు రంగుల కడ్డీలు కిందికి పడుతుంటాయి చూడండి, ఏ కీ మీద పడితే ఆ కీ నొక్కాలి, ఆ వీడియోలు చూసి నేర్చుకుంది. ఒక సినిమా పాట గడగడా వాయించేసింది. రెండు చేతులతో! నేను నోరు తెరుచుకుని చూశా. సరే కదా అని, ఆ పాట కంటే పదింతలు సులువైన ఒక చిన్న ట్యూన్‌ని కాగితం మీద నోట్స్‌లో రాసి ఆమె ముందు పెట్టా. కాసేపు చూసి, "మామా, దీంట్లో అక్షరాలు లేవు కదా" అంది. అంతలో ఫోన్ ఛార్జింగ్ అయిపోయింది. ఇందాకటి పాటే మళ్లీ వాయించమంటే మొదటి లైన్ దాటి పోలేదు.

నవ్వుకోవడానికి నాకేం అర్హత లేదులెండి. నేనూ అదే బాపతు. 6వ తరగతి నుంచి 4 ఏళ్లు కీబోర్డ్ క్లాసుకు పోయా. ఎక్కడో, ఎవరి దగ్గరో ఇప్పుడు అనవసరం. కీల మీద స్టిక్కర్లు, నోట్‌బుక్‌లో ఇంగ్లిష్ అక్షరాలు. సి ఇ జి ఇ, సి ఇ జి ఇ. ఏ అక్షరాన్ని ఎంతసేపు పట్టుకోవాలో దాంట్లో ఉండదు. పైకి పోవాలా, కిందికి రావాలా అనేది కూడా ఉండదు. పాట ముందే తెలిసుంటే ఆ అక్షరాలు గుర్తు చేస్తాయి. తెలియకపోతే మాత్రం అవి ఎవరిదో సెల్ నంబర్ లాంటివి. 4 ఏళ్ల తర్వాత స్టిక్కర్లు లేని కీబోర్డ్ ముందు కూర్చోబెడితే సి ఎక్కడుందో వెతుక్కున్నా. బీటెక్‌లో చేరి ఆ విషయమే మర్చిపోయా.

మళ్లీ ఎందుకు గుర్తొచ్చిందంటే, మా అవ్వ వల్ల.

మా అవ్వ, అంటే అమ్మ వాళ్లమ్మ, శుక్రవారం సాయంత్రం దీపం పెట్టి ఒక మంగళహారతి పాడేది. పుస్తకంలో ఉండేది కాదు. వాళ్ల అత్తగారి దగ్గర నేర్చుకున్నదంట. అవ్వ పోయాక ఆమె నోట్‌బుక్ దొరికింది. పాట మొత్తం ఉంది. గుండ్రటి చేతిరాత, పైన ఎడమ పక్క "సౌరాష్ట్రం" అని రాగం పేరు. ట్యూన్ మాత్రం లేదు. నా పాత ఫోన్‌లో రికార్డ్ చేసిపెట్టుకున్నా, ఆ ఫోన్ నీళ్లలో పడి పోయింది, బ్యాకప్ లేదు. రోజంతా సర్వర్ల బ్యాకప్ చూసే ఉద్యోగంలో ఉన్నోడి పరిస్థితి ఇది. అమ్మని పాడమంటే ఒక రకంగా పాడుతుంది. పెద్దమ్మ ఇంకో రకంగా పాడుతుంది. ఇద్దరూ "మా అమ్మ ఇట్లే పాడేది" అంటారు.

ఇదే కథ మన కొండ మీద, ఇంతకన్నా చాలా పెద్ద ఎత్తున జరిగింది. తాళ్లపాక అన్నమాచార్యుల గురించి ఈ ఊళ్లో కొత్తగా చెప్పేదేముంది. 15వ శతాబ్దం మనిషి, 32 వేల సంకీర్తనలు రాశారని చెప్తారు. ఆయన పాటల్ని, ఆయన కొడుకు, మనవడి పాటల్ని రాగి రేకుల మీద చెక్కించి తిరుమల గుళ్లో భద్రం చేశారు. 2 వేలకు పైగా రేకులు. వందల ఏళ్లు ఎవరూ పట్టించుకోలేదు. 20వ శతాబ్దంలో అవి బయటికొచ్చాక సాధు సుబ్రహ్మణ్యశాస్త్రి, వేటూరి ప్రభాకరశాస్త్రి లాంటి పండితులు కూర్చుని చదివి, పరిష్కరించారు. ఎండకి, తేమకి, చెదలకి పోకూడదని రాగి మీద చెక్కించారంటే ఎంత ముందుచూపు చూడండి. కానీ ఆ రేకుల మీద ఉన్నది పాట మాటలు, పైన రాగం పేరు. స్వరాలు లేవు. మా భాషలో చెప్పాలంటే రీడ్‌మీ ఫైల్ దొరికింది, కోడ్ దొరకలేదు.

రాగం పేరు ఉంది కదా, చాలదా అని అడగొచ్చు. చాలదు. రాగం పేరు చెప్పడమంటే ఊరి పేరు చెప్పడం. ఏ స్వరాలు వాడాలి, ఎట్లా నడవాలి అనేది తెలుస్తుంది. కానీ ఈ పాట ఏ వీధిలోంచి పోయి, ఏ ఇంటి ముందు ఆగిందో తెలియదు. ఒకే రాగంలో వెయ్యి పాటలు కట్టొచ్చు. అందుకే రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు, ఆ తర్వాత నేదునూరి కృష్ణమూర్తి గారు, గరిమెళ్ల బాలకృష్ణప్రసాద్ గారు కూర్చుని కొత్తగా స్వరపరిచారు. మనం క్యూలో నిలబడి మైకులో వినే అన్నమయ్య పాటల ట్యూన్లు దాదాపు అన్నీ గత వంద ఏళ్లలోపు కట్టినవే. చాలా బాగుంటాయి, అనుమానం లేదు. రాళ్లపల్లి వారు స్వరపరిచినవి నొటేషన్‌తో సహా పుస్తకాలుగా వచ్చాయి. అంటే అవి ఇక పోవు. కానీ అన్నమయ్య నోట వచ్చిన ట్యూన్? అది పోయింది.

అప్పటివాళ్లకు స్వరాలు రాయడం తెలియదా అంటే, అదీ కాదు. తమిళనాడులో పుదుక్కోట దగ్గర కుడుమియాన్‌మలై అనే ఊళ్లో కొండరాతి మీద స్వరాలు చెక్కి ఉన్నాయి. 7వ శతాబ్దానివి. అన్నమయ్యకు ఎనిమిది వందల ఏళ్ల ముందే మన పక్క రాష్ట్రంలో రాయి మీద రాశారన్నమాట. తెలియక కాదు, అవసరం అనిపించక. గురువు పాడితే శిష్యుడు పట్టుకునేవాడు, ఆ గొలుసు తెగదనే నమ్మకం. మా ఇంట్లో కూడా అదే నమ్మకం.

అందుకే మా అక్క కూతురికి నోట్స్ నేర్పుదామని కూర్చున్నా. మేనకోడలు కూర్చుంటే పక్కింటి పిలకాయలు ఇద్దరు కూడా వచ్చి చేరారు. పదిహేను రోజులు. నేను సంగీతం టీచర్‌ని కాదు, ముందే చెప్తున్నా. ఉద్యోగంలో చేరాక సొంతంగా నేర్చుకున్నా, తప్పులు చేసి చేసి నేర్చుకున్నా. ఆ తప్పుల వల్లే పిలకాయలు ఎక్కడ తడబడతారో నాకు బాగా తెలుసు.

మొదటి రోజు కాగితమే తీయలేదు. స్టిక్కర్లు పీకేశాం. ఏడుపు మొహాలు పెట్టారు. అప్పుడు నల్ల కీలు చూడమన్నా. నల్ల కీలు రెండు ఒక గుంపు, మూడు ఒక గుంపు, మళ్లీ రెండు, మళ్లీ మూడు. రెండు నల్ల కీల గుంపుకి ఎడమ పక్కన ఆనుకుని ఉండే తెల్ల కీ ఎప్పుడూ సి యే. మూడు నల్ల కీల గుంపుకి ఎడమ పక్కది ఎఫ్. అంతే. మన ఇళ్లలో ఎక్కువగా ఉండే 61 కీల కీబోర్డ్‌లో ఎడమ నుంచి మూడో సి ని మిడిల్ సి అంటారు. కళ్లు మూసుకుని నల్ల కీలు తడిమి సి పట్టుకునే ఆట ఆడించా. అరగంటలో స్టిక్కర్లు ఎందుకున్నాయో వాళ్లే మర్చిపోయారు.

రెండో రోజు వాకిట్లో ముగ్గుపిండితో ఐదు గీతలు గీశా. నోట్స్ రాసే ఆ ఐదు గీతల్ని స్టాఫ్ అంటారు. ఇక్కడ ఒక విషయం కొంచెం నిదానంగా చెప్తా, ఎందుకంటే నేను చూసినంతలో అందరూ తప్పు పోయేది ఇక్కడే. "నోట్‌ని గీత మీద పెట్టు" అని చెప్తాం కదా. బడిలో నాలుగు గీతల కాపీలో ఇంగ్లిష్ రాసిన పిలకాయ ఏం చేస్తుంది? అక్షరాన్ని గీత మీద కూర్చోబెట్టినట్టు నోట్‌ని గీత పైన కూర్చోబెడుతుంది. నిజానికి అది గీత మీది నోట్ కాదు, పైన ఖాళీలో ఉండాల్సిన నోట్! తప్పు పిల్లది కాదు, మన మాటది. అందుకని నేను "గీత మీద" అనే మాటే మానేశా. "గుచ్చిన పూస" అన్నా. దారం పూస మధ్యలోంచి పోయినట్టు, గీత నోట్ మధ్యలోంచి పోవాలి. రెండు గీతల మధ్య ఖాళీలో ఉండేది "ఇరుక్కున్న పూస". పైగీతని, కిందిగీతని తాకుతుంది, దాటదు. ఐదు గీతలు, మధ్యలో నాలుగు ఖాళీలు. ముగ్గు మీద నిలబెట్టి "గుచ్చు", "ఇరుక్కో" అని అరిస్తే గంతులు వేశారు. పక్కింటి అవ్వ ఒకామె "ఇదేం ముగ్గప్పా" అని ఆగి చూసి పోయింది.

గీతకి, ఖాళీకి తేడా కాళ్లకి తెలిశాక కాగితం తీశాం. ఇక్కడి నుంచి నా పద్ధతి ఒక్కటే. ముందు రాయి, తర్వాత చదువు.

ఇది నేను కనిపెట్టిందేం కాదు. మనకు తెలుగు ఎట్లా వచ్చింది? ఎవరైనా ముందు పుస్తకం ఇచ్చి చదవమన్నారా? పళ్లెంలో బియ్యం పోసి వేలు పట్టుకుని దిద్దించారు. పలక మీద అ అనే అక్షరాన్ని వంద సార్లు దిద్దాం. చేతికి వచ్చాకే కంటికి వచ్చింది. మరి సంగీతం దగ్గరికి వచ్చేసరికి, రాయడం అనేది పెద్ద మ్యూజిక్ డైరెక్టర్ల పని అన్నట్టు, పిలకాయల చేత చదివించడం మాత్రమే చేస్తాం. చదవడం రాదు, స్టిక్కర్ అంటిస్తాం. అక్కడితో కథ అయిపోతుంది.

రాయించేటప్పుడు గీతల పేర్లన్నీ ఒకేసారి బట్టీ పట్టించను. కింది గీత నుంచి ఇ, జి, బి, డి, ఎఫ్ అని గుర్తుపెట్టుకోవడానికి ఇంగ్లిష్‌లో ఒక వాక్యం నేర్పిస్తారు. నాకు అది నచ్చదు. నోట్ కనపడిన ప్రతిసారీ ఆ వాక్యం మొదటి నుంచి చదువుకుంటూ పోవాలి. "ర" ఏదో తెలుసుకోవడానికి ప్రతిసారీ అ ఆ ఇ ఈ నుంచి మొదలుపెట్టినట్టు. దానికి బదులు మూడే మూడు గుర్తులు. ఒకటి మిడిల్ సి. రెండోది, పై స్టాఫ్ మొదట్లో సుడి తిరిగినట్టుండే గుర్తు ఉంటుంది కదా, ట్రెబుల్ క్లెఫ్, దాని సుడి కింది నుంచి రెండో గీత చుట్టూ తిరుగుతుంది. ఆ గీత జి. మూడోది, ఎడమ చేతికి వాడే కింది స్టాఫ్‌లో బేస్ క్లెఫ్. దాని పక్కన రెండు చుక్కలు ఉంటాయి, ఆ రెండు చుక్కల మధ్య గీత ఎఫ్. ఆ గుర్తులు ఊరికే అందం కోసం పెట్టినవి కాదు, అవి అడ్రస్ చెప్తున్నాయి. మిడిల్ సి రెండు స్టాఫ్‌లకీ మధ్యలో సొంతంగా ఒక చిన్న గీత గీసుకుని కూర్చుంటుంది. మిగతావన్నీ ఈ మూడింటి నుంచి ఒక మెట్టు పైకా, కిందికా అని చూసుకోవడమే. పూస గీత నుంచి పక్క ఖాళీలోకి పోతే పక్క కీ. గీత నుంచి పక్క గీతకి పోతే మధ్యలో ఒక కీ వదిలేయాలి. పెద్ద వాయిద్యకారులు కూడా చదివేటప్పుడు ఒక్కొక్క అక్షరం పేరు అనుకోరు. ఎంత దూరం పోయింది అనేది చూస్తారు.

జి గీతకి ఎర్ర స్కెచ్ పెన్, ఎఫ్ గీతకి పచ్చది వాడించా. తర్వాత తెలిసింది, ఇది వెయ్యేళ్ల పాత ఐడియా అని. ఇటలీలో గైడో అనే క్రైస్తవ సన్యాసి ఉండేవాడు. అరెజ్జో ఊరి గైడో అంటారు. 11వ శతాబ్దం మొదట్లో, చర్చిలో పాడే పిలకాయలు పాటలన్నీ చెవితో నేర్చుకోలేక ఏళ్ల తరబడి అవస్థ పడటం చూసి, గీతల మీద రాసే పద్ధతిని ఒక దారికి తెచ్చాడు. ఎఫ్ గీతకి ఎరుపు, సి గీతకి పసుపు రంగు వేయమన్నాడు. పదేళ్లు పట్టే చదువు ఒకటి రెండేళ్లలో వచ్చేస్తుందని తన ఉత్తరంలో రాసుకున్నాడు కూడా. మన సరిగమల్లాగా ఉత్, రే, మి, ఫా, సోల్, లా అని పలికించింది కూడా ఆయనే. అంటే ఈ గీతలు పుట్టిందే బిగినర్స్ కోసం. మనం వాటిని పెద్దోళ్ల వ్యవహారం అనుకుని పక్కన పెట్టేశాం.

ఇప్పుడు కాలం. ఏ కీ అనేది సగమే, ఎంతసేపు అనేది మిగతా సగం. గుండు లోపల ఖాళీగా ఉండి కాడ లేకపోతే నాలుగు లెక్కలు. దానికి కాడ పెడితే రెండు. గుండు నల్లగా నింపితే ఒకటి. ఆ కాడకి తోక తగిలిస్తే అర. ఇలా చెప్తే పిలకాయలకి బోర్. మరి మన దగ్గర ఇంతకన్నా మంచి సరుకు ఉంది. గురువు, లఘువు. 8, 9 తరగతుల్లో ఛందస్సు పేరు చెప్తే పారిపోయాం కదా, అదే. లఘువు ఒక మాత్ర, గురువు రెండు మాత్రలు. తోక ఉన్న నోట్‌ని లఘువు అనుకోండి, తోక లేని నల్ల నోట్‌ని గురువు అనుకోండి. ఇక మీ పేరు మీరే రాసుకోవచ్చు.

మన అమ్మవారి పేరే తీసుకుందాం. పద్మావతి. "ప" తర్వాత ఒత్తక్షరం ఉంది కాబట్టి అది గురువు. "ద్మా" దీర్ఘం, గురువు. "వ", "తి" రెండూ లఘువులు. అంటే రెండు నల్ల నోట్లు, తర్వాత తోకలు కలిపిన రెండు నోట్లు. మొత్తం ఆరు మాత్రలు, పియానో లెక్కలో మూడు బీట్లు. మూడు బీట్ల గడిలో సరిగ్గా సరిపోతుంది! చప్పట్లు కొడుతూ పద్మావతి, పద్మావతి అని నాలుగు సార్లు చెప్పి చూడండి, నడక వచ్చేస్తుంది. ముగ్గురూ ఇంట్లో అందరి పేర్లూ రాసేశారు. పక్కింటి పిల్లోడు వాళ్ల హెడ్ మాస్టర్ పేరు ఇంటిపేరుతో సహా రాసి, "దీనికి గడి చాలడం లేదన్నా" అన్నాడు. అలా గడి గీత, అంటే బార్ లైన్, ఎందుకో వాడికి నేను చెప్పకుండానే తెలిసిపోయింది. తెలుగు పేర్లు తెలిసిన పిలకాయకి రిథమ్ ముందే వచ్చు. దాన్ని గుర్తుల్లో పెట్టడమే మన పని.

వారం దాటాక అసలు ఆట మొదలైంది. ముగ్గురిలో ఒకరు ఐదారు నోట్ల ట్యూన్ సొంతంగా రాయాలి. దాన్ని నేను వాయిస్తా. ఏది రాసి ఉంటే అదే వాయిస్తా, వాళ్ల మనసులో ఉన్నది కాదు. మా అక్క కూతురు ఒకటి రాసింది. వాయించా. "అట్లా కాదు మామా, లాస్ట్‌ది లాగాలి" అంది. "లాగమని ఎక్కడ రాశావు?" అన్నా. కోపం వచ్చింది. కాసేపు మూతి ముడుచుకుని కూర్చుని, రబ్బర్ తీసుకుని నల్ల గుండు చెరిపి ఖాళీ గుండు పెట్టింది. కోడ్ రాసేవాళ్లకి ఈ బాధ తెలుసు. కంప్యూటర్ మనం రాసిందే చేస్తుంది, అనుకున్నది చేయదు. ఈ ఒక్క ఆట వాళ్లకి నేర్పినంత, నేను మాటలతో నేర్పలేకపోయా. తర్వాతి మెట్టు ఇంకా బాగుంటుంది. ఒకరు రాసింది, పాట వినని ఇంకొకరు వాయించాలి. పక్కింటి పిల్లోడు బయట ఉండగా మావాళ్లు రాశారు. వాడు లోపలికి వచ్చి కాగితం చూసి, వేళ్లతో వెతుక్కుంటూ, ఆగుతూ ఆగుతూ వాయించాడు. సరిగ్గా అదే ట్యూన్. మా పాప నన్ను చూసి, "వాడు వినలేదు కదా!" అంది. ఆ మొహం వీడియోలో ఉంది, చూడండి.

ఇక్కడ కర్ణాటక సంగీతం నేర్చుకునేవాళ్లకి రెండు మాటలు. మన ఊళ్లో చాలామంది పిలకాయలు పొద్దున సరళీ స్వరాలు, సాయంత్రం కీబోర్డ్. వాళ్లకి వచ్చే మొదటి అనుమానం, "స అంటే సి యే కదా?" అని. కాదు. సి అనేది కీబోర్డ్‌లో ఒక స్థలం, కదలదు. స అనేది పాడేవాళ్ల శ్రుతిని బట్టి కదులుతుంది. సి ని స అనుకుంటే తెల్ల కీలన్నీ వరసగా శంకరాభరణం. డి ని స అనుకుంటే అదే శంకరాభరణానికి రెండు నల్ల కీలు కావాలి. సరళీ స్వరాలు నేర్పే మాయామాళవగౌళకి సి నుంచి మొదలుపెట్టినా రి, ద రెండూ నల్ల కీల మీదికి పోతాయి. ఒక నెల రోజులు ఈ రెండు లెక్కల్నీ కలపకండి. తర్వాత కలిపితే భలే మజా.

ఇంకో మాట. ఈ ఐదు గీతల్లో మన పాట మొత్తం పట్టదు. గమకం, అంటే స్వరాన్ని ఊపడం, జారించడం, గుండు బొమ్మలో ఎక్కడ పెడతాం? ఈ గొడవ కొత్తది కాదు. 1890లలో మద్రాసులో చిన్నస్వామి ముదలియార్ అనే ఆయన మన కీర్తనల్ని ఇదే స్టాఫ్ నొటేషన్‌లో రాసి పుస్తకాలు వేశాడు. స్వరాల కోసం ఆయన వెళ్లింది ఎట్టయాపురం సుబ్బరామ దీక్షితుల దగ్గరికి. ముత్తుస్వామి దీక్షితుల వంశంలోని ఆయన. ఆ పరిచయం, ఆ ప్రోత్సాహంతో సుబ్బరామ దీక్షితులు 1904లో సంగీత సంప్రదాయ ప్రదర్శిని అచ్చు వేయించారు. తమిళనాడులో అచ్చయిన ఆ మహాగ్రంథం ఏ లిపిలో ఉందో తెలుసా? తెలుగులో. ఒక్కో గమకానికి ఒక్కో గుర్తు, స్వరం అక్షరం మీద. ముత్తుస్వామి దీక్షితుల కృతులు ఇవాళ ఇంత గట్టిగా నిలబడ్డాయంటే ఆ పుస్తకం పెద్ద కారణం. తమాషా ఏమిటంటే, ఆ ముత్తుస్వామి దీక్షితులే చిన్నప్పుడు మద్రాసులో ఇంగ్లిష్ బ్యాండ్ విని, ఆ ట్యూన్లకి సంస్కృతంలో పాటలు కట్టారు. నోట్టుస్వరాలు అంటారు. బ్రిటిష్ వాళ్ల జాతీయగీతం ట్యూన్ కూడా అందులో ఉంది. గమకాలు ఉండవు కాబట్టి అవి పియానో మీద హాయిగా కూర్చుంటాయి. రెండు పక్కలా నేర్చుకునే పిలకాయకి మొదట అవి ఇవ్వండి, నా మాట విని.

ఖర్చు గురించి అడిగేవాళ్లకి. పియానో అక్కర్లేదు, 61 కీలది సెకండ్ హ్యాండ్‌లో చాలు. ఐదు గీతల కాగితాలు ప్రింట్ తీయించుకోండి, లేకపోతే స్కేలు పెట్టి గీసుకోండి, గీతల మధ్య ఖాళీ మాత్రం పెద్దగా ఉంచండి. పెన్ వద్దు, పెన్సిల్. కంప్యూటర్ ఉంటే మ్యూజ్‌స్కోర్ అనే ఫ్రీ సాఫ్ట్‌వేర్‌లో రాస్తే అదే వాయించి వినిపిస్తుంది, కానీ మొదటి నెల చేత్తోనే రాయండి. రోజుకి పది నిమిషాలు. రంగు కడ్డీల వీడియోలు చూడొద్దని చెప్పను, నేనూ చూస్తా. వీడియో చూసి వాయించిన పాటలో ఒక లైన్ కాగితం మీదికి దించండి, అంతే నేను అడిగేది.

ఇక మా అవ్వ పాట సంగతి. సెలవుల చివర్లో అమ్మని కూర్చోబెట్టి, ఒక్కో లైన్ పాడించి రాశా. అవ్వ పాడిన శ్రుతికి దగ్గరగా స ని జి దగ్గర పెట్టుకున్నా. తర్వాత పెద్దమ్మకి వీడియో కాల్ చేసి ఆమె పాడింది కింద ఇంకో వరసలో రాశా. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, ఇన్నాళ్లూ రెండు వేరే పాటలు అనుకున్నవి చాలా వరకు ఒక్కటే. మొదటి రెండు లైన్లు నోట్‌కి నోట్ సరిపోయాయి. మూడో లైన్ చివర మాత్రం అమ్మ పైకి పోతుంది, పెద్దమ్మ అక్కడే నిలుస్తుంది. ఎవరిది సరైనదో తేల్చలేదు, రెండూ ఉంచేశా. ఊపులన్నీ దీంట్లో పట్టలేదు, వాటి కోసం పక్కన తెలుగులో స్వరాలు కూడా రాసి, ఇద్దరి గొంతులూ రికార్డ్ చేసి, ఈసారి మూడు చోట్ల బ్యాకప్ పెట్టా.

ఊరికి పోయే రోజు పొద్దున మా పాప ఆ కాగితం చూసి వాయించింది. మా అవ్వని చూసిందీ లేదు, ఆ పాట సరిగ్గా విన్నదీ లేదు. ఫోన్ స్పీకర్‌లో పెద్దమ్మ వింటూ ఉంది. అయిపోయాక కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "బాగుండాది గానీ నాయనా, రెండో లైన్ అయినాక ఆడ కొంచెం ఆగల్ల, మా అమ్మ ఆడ గంట కొట్టేది" అంది.

మా పాప రబ్బర్ తీసి చివరి నోట్ చెరిపింది. అక్కడ రెండు బీట్ల మౌనం గుర్తు పెట్టింది. దాని పైన చిన్న గంట బొమ్మ కూడా వేసింది, అది ఏ నొటేషన్‌లోనూ లేదు.

వచ్చే ఎపిసోడ్‌లో ఎడమ చేతి స్టాఫ్ గురించి మాట్లాడుకుందాం. అంతలోపు మీ పేరుకి గురువు లఘువులు వేసి, నోట్స్‌లో రాసి పెట్టుకోండి. అక్కడి నుంచే మొదలుపెడదాం.